నడుం బెల్టు: శవపెట్టెలో ఇరవై ఆరు రాత్రులు వాడి చూశాక

ముందే చెప్పేస్తాను, ఈ బెల్టు నా నడుం నొప్పి తగ్గించలేదు. అయినా పెట్టిన 780 రూపాయలు దండగ అనిపించలేదు. ఈ రెండు మాటలకీ ఎలా పొత్తు కుదిరిందో అర్థం కావాలంటే నేను ఏ పని చేస్తూ దీన్ని వాడానో తెలియాలి. కొనేముందు ఇలాంటి బెల్టుల కింద జనం రాసిన అభిప్రాయాలు ఓ నలభై దాకా చదివాను. అన్నీ కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లవి, కారు నడిపేవాళ్లవి, కాన్పు తర్వాత నడుం పట్టేసిన ఆడవాళ్లవి. మేళాలో దెయ్యం వేషం కట్టేవాడు రాసింది ఒక్కటీ కనబడలేదు. ఆ లోటు తీరుస్తున్నాను.

మాది బరంపురం. ఒడిశాలో గంజాం జిల్లా. 1936లో ఒడిశా ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు, అందుకే ఇప్పటికీ మా వీధిలో అరుగు మీద తెలుగు, కొట్టు దగ్గర ఒడియా. మాది నేతపని కుటుంబం. పంతొమ్మిదో ఏట గుంట మగ్గంలో కాళ్లు పెట్టాను, ఇప్పుడు నలభై మూడు. గుంట మగ్గం చూడనివాళ్లకి చెప్తాను: నేలలో గొయ్యి, అందులో కాళ్లు, నేల మట్టానికి కూర్చుని ముందుకి వంగి, అడ్డపోగు తీసుకెళ్లే నాడె ఆడించాలి. కుంభం అంచు పట్టుచీర నేసేటప్పుడు అంచు పోగులు తప్పకుండా చూసుకోవాలంటే ఇంకో జానెడు ముందుకి వంగాలి. ఇరవై నాలుగేళ్లు అలా వంగాను. మూడేళ్ల కిందట ఒక పొద్దున చెంబు తీయడానికి వంగి, లేవలేకపోయాను. నొప్పి కుడి పిర్ర నుంచి పిక్క మీదుగా బొటనవేలి దాకా కరెంటు తీగలా లాగింది. స్కానింగ్‌లో నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య డిస్కు ఉబ్బిందని వచ్చింది. అప్పటినుంచి మగ్గం పూట పనే. మిగతా పూటకి ఏది దొరికితే అది.

మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు దేశీబెహరా వీధికి పుట్టింటికొచ్చినట్టు వస్తుంది. రాత్రిళ్లు ఘటాలు ఎత్తుకుని వీధులు తిరుగుతారు, మొక్కున్నవాళ్లు వేషాలు కడతారు. పులి వేషమైతే చెప్పక్కర్లేదు, ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు, డప్పుకి తగ్గ అడుగు. మా నాన్న మూడు యాత్రలకి పులి కట్టాడు. నాకు అంత ఒడుపు లేదు. నాకు దొరికిన వేషం వేరే. యాత్ర రోజుల్లో మైదానంలో జెయింట్ వీలూ, మీనా బజారూ పడతాయి కదా, వాటి పక్కనే రేకులతో, నల్ల గుడ్డతో కట్టిన భూత్ బంగళా ఒకటి పడింది. దాని యజమాని సేఠ్‌ది ఇక్కడ కాదు, ఊరూరా మేళాలు తిరుగుతాడు. యంత్రాలు తెచ్చుకుంటాడు, దెయ్యాల్ని మాత్రం ఏ ఊళ్లో ఆ ఊరివాళ్లనే పెట్టుకుంటాడు. రాత్రికి 600, చాయ్ వాళ్లదే. నాన్న అమ్మవారి కోసం ఉత్తినే కట్టిన వేషం, నేను డబ్బుకి కట్టాను. ఇంట్లో ఈ మాట ఒకసారి వచ్చింది, మళ్లీ రానివ్వలేదు.

లోపల ఏముంటుందో చెప్తే మీకు మజా పోతుంది గానీ చెప్పక తప్పదు. పాములా మెలికలు తిరిగిన సందు, మనిషి వెడల్పు. తాడు మీద జారే అస్థిపంజరం. కాళ్ల మీద బుస్సుమని గాలి కొట్టే గొట్టం. నల్ల ట్యూబులైటు కింద మెరిసే రంగు పూసిన మాస్కులు. పెన్‌డ్రైవులోంచి ఏడుపులు, నక్క అరుపులు, ఏ కారణం చేతో మధ్యలో గుడి గంట. ఆఖరి మలుపులో శవపెట్టె. అందులో నేను, తెల్ల నైటీ, మోకాళ్ల దాకా నైలాన్ జుట్టు. ఎనిమిదేసి మందిని లోపలికి వదులుతారు. పెట్టె దగ్గరకి రాగానే నేను గభాలున లేచి కూర్చోవాలి. సాయంత్రం ఆరింటి నుంచి పదకొండున్నర దాకా, నాలుగు నిమిషాలకో గుంపు. అంటే రాత్రికి ఎనభై సార్లు. శనివారం, ఆదివారం వంద దాటేది.

నడుం నొప్పి ఉన్నవాడెవడైనా ఇది చదివి నవ్వుకుంటాడని తెలుసు. వెల్లకిలా పడుకుని గభాలున లేచి కూర్చోవడం కన్నా మా జబ్బుకి చెడ్డ పని ఇంకోటి లేదు. రెండో రాత్రికే కాలు లాగడం మొదలెట్టింది. మూడో రోజు పొద్దున బెల్టు కొన్నాను.

కొట్టువాడు నన్ను చూడగానే "అంటా బింధుఛి?" అన్నాడు. నడుం నొప్పా అని. నేను నడిచొచ్చిన తీరే చెప్పేసినట్టుంది. నాలుగు రకాలు బల్ల మీద పెట్టాడు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నాలుగూ విప్పి చూస్తే నాకు పెద్ద తేడా కనబడలేదు. వీపు వైపు నిలువునా నాలుగు బద్దలు, ముందు వైపు వెల్క్రోతో అతికే పట్టీ, దాని మీద రెండు వైపుల నుంచీ లాగి బిగించుకునే ఇంకో జత సాగే పట్టీలు. తేడా అంతా ఆ బద్దల్లో ఉంది, ప్లాస్టిక్కా ఇనుమా అని. నేను లోహపు బద్దలున్నది తీసుకున్నాను. డబ్బా మీద 1150 ఉంది, 780కి ఇచ్చాడు.

సైజు దగ్గర తప్పు చేశాను, మీరు చేయకండి. ప్యాంటు నడుము 34 కదా అని మీడియం అడిగాను. ఇంటికెళ్లి కట్టుకుంటే వెల్క్రో కొస కొసా అతికింది, ఊపిరి పీలిస్తే ఊడిపోయింది. డబ్బా వెనక చీమ తలంత అక్షరాల్లో రాసుంది, బొడ్డు దగ్గర చుట్టుకొలత తీసుకోవాలని. నా బొడ్డు దగ్గర 38. మనం ప్యాంటు కట్టేది పొట్ట కింద, బెల్టు కట్టేది పొట్ట మీద. ఈ వయసులో ఆ రెండింటికీ మధ్య నాలుగంగుళాల నిజం దాక్కుని ఉంటుంది. మళ్లీ వెళ్లి లార్జ్ తెచ్చుకున్నాను. కొట్టువాడు మార్చడానికి గొణిగాడు గానీ మార్చాడు. టేపు లేకపోతే తాడుతో కొలిచి, తాడు తీసుకెళ్లండి.

ఇక వాడకం. మొదటి గంట అద్భుతం. అతిశయం కాదు. వీపు వెనక ఎవరో రెండు అరచేతులు ఆన్చి నిలబడ్డట్టు ఉంటుంది. నిలబడే పనికి, నడకకి, సైకిల్ మీద మైదానానికి వెళ్లడానికి బాగా పనికొచ్చింది. పెట్టెలో పడుకోగానే అసలు రంగు బయటపడింది. పడుకుంటే బెల్టు పైకి జరుగుతుంది, కింది అంచు తుంటి ఎముక మీంచి లేచి పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. లేచి కూర్చుంటే ముందు పట్టీ మడతపడి పొట్టని నొక్కుతుంది. పది సార్లు లేచాక నైటీ లోపల చెయ్యి పెట్టి కిందికి లాక్కోవాల్సిందే. ఒకసారి అలా లాక్కుంటూ ఉండగా గుంపు వచ్చేసింది. దెయ్యం పొట్ట గోక్కుంటోంది అని ఎవడో అన్నాడు. ఆ గుంపు నవ్వుకుంటూ బయటికెళ్లింది. సేఠ్ దగ్గర చివాట్లు.

ఉక్క సంగతి. మా ఊరికి సముద్రం దగ్గర, గోపాల్‌పూర్ ఎంతో దూరం కాదు. ఏప్రిల్లో సాయంత్రం గాలి వస్తుంది, కానీ రేకుల గదిలోకి రాదు. బెల్టు గుడ్డకి చిన్న చిన్న చిల్లులున్నాయి, గాలి ఆడుతుందని డబ్బా మీద బొమ్మ కూడా వేశారు. ఏ ఊరి గాలో మరి. ఒంటి మీద నేరుగా కట్టుకుంటే రెండో రోజుకే నడుం చుట్టూ చెమటపొక్కులు లేచాయి. పలచటి నూలు బనీను మీద కట్టుకుంటే తగ్గింది. బనీను మడత పడకుండా చూసుకోవాలి, మడత పడిన చోట గీత దిగుతుంది. నేను రెండు బనీన్లు పట్టుకెళ్లి, ఎనిమిదిన్నరకి చాయ్ ఇచ్చేటప్పుడు తడిసింది మార్చుకునేవాణ్ణి.

వెల్క్రో గురించి వేరేగా చెప్పాలి. బాగా గట్టిది, ఆ ముక్క ఒప్పుకోవాలి. కానీ దానికి కనబడిందల్లా పట్టుకునే గుణం ఉంది. నా నైలాన్ జుట్టు మోకాళ్ల దాకా అని చెప్పాను కదా. నాలుగో రాత్రి లేచి కూర్చున్నాను, తల మాత్రం కిందే ఉండిపోయింది. జుట్టు కొసలు నైటీ సందులోంచి వెళ్లి వెల్క్రోకి అతుక్కున్నాయి. నేను లేచే ఊపుకి విగ్గు ఊడి ఒళ్లో పడింది. ముందున్న కాలేజీ అమ్మాయి "మా లో!" అని ఒడియాలో అరిచి, వెంటనే నా బట్టతల చూసి, "సారీ అంకుల్" అంది తెలుగులో. మా ఊళ్లో భయం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తేరుకుంటుంది.

ఇంకో దెబ్బ ఇంట్లో తగిలింది. విప్పిన బెల్టుని అలవాటుగా మగ్గం పక్కన పెట్టాను. మా ఆవిడ నేసిన చీర మడత పెడుతూ దాని మీదుగా లాగింది. కొంగు దగ్గర మూడు పట్టు పోగులు లేచాయి. పోగు లేచిన చోటు సూదితో వెనక్కి లాగి సర్దొచ్చు గానీ, నేసినవాడి కంటికి అది ఎప్పటికీ కనబడుతుంది. ఆవిడ ఏమీ అనలేదు. బెల్టు తీసుకెళ్లి వంటింట్లో మేకుకి తగిలించింది. అప్పటినుంచి దాని చోటు అదే. పట్టు, షిఫాను, వలబట్ట ఉన్న ఇళ్లలో ఈ బెల్టు విప్పగానే వెల్క్రో మూసేయండి. ఉతికేటప్పుడు కూడా మూసే ఉతకాలి. బద్దలు బయటికి తీసి, చల్లనీళ్లలో సబ్బు నురగతో చేత్తోనే ఉతికి, నీడలో ఆరెయ్యాలి. నేను ఒకసారి తొందరపడి ఎండలో రేకు మీద వేశాను, సాగే పట్టీ ఒక వైపు బిగువు తప్పింది. ఇరుక్కున్న జుట్టూ నూలుపోగులూ పాత టూత్‌బ్రష్‌తో వస్తాయి, ఓపిక ఉండాలి.

ఇంతకీ నొప్పి. వారం తిరిగేసరికి కాలు లాగడం తగ్గలేదు. మా పక్క మలుపులో నరికిన తల పట్టుకుని నిలబడే కుర్రాడు జేబులోంచి మాత్ర ఇచ్చాడు, "వేసుకో మావయ్యా, గుర్రంలా లేస్తావు" అని. రెండు రాత్రులు ఖాళీ కడుపున వేసుకున్నాను. నొప్పి కాస్త తగ్గింది, కడుపులో మంట పట్టుకుంది. పేరు తెలియని నొప్పి బిళ్ల చేతిలో పెడితే మింగేసిన తప్పు నాది. తర్వాత అమృతాంజనం. ఒకడు గుంపులో కొడుకుని చంకనేసుకుని వచ్చాడు. ఆ పిల్లాడు పెట్టె దగ్గర ఆగి, "నాన్నా, దెయ్యం దగ్గర తాతయ్య వాసనొస్తోంది" అన్నాడు. అమృతాంజనం ఆపేశాను.

అప్పుడు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరకెళ్లాను. బెల్టు చూపిస్తే తిట్టలేదు, మెచ్చుకోలేదు. రోజంతా కట్టుకోవద్దని, బరువు పనికో ఎక్కువసేపు నిలబడే పనికో గంటా రెండు గంటలు కట్టి విప్పేయమని చెప్పింది. పడుకునేటప్పుడు అసలొద్దంది. నా ఉద్యోగమే పడుకుని చేసేది అన్నాను. ఏం ఉద్యోగం అంది. చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వి, "ఎలా లేస్తారో ఇక్కడ చేసి చూపించండి బాబాయ్" అని బల్ల మీద పడుకోబెట్టింది.

అక్కడ తెలిసిన సంగతి ఒకటుంది. స్కానింగ్ కాగితంలో డిస్కు ఉబ్బింది అని చదివి మూడేళ్లుగా నేను వెన్ను విరిగినవాడిలా బతుకుతున్నాను. నొప్పి అసలు లేనివాళ్లకి తీసిన స్కానింగుల్లో కూడా ఈ ఉబ్బు కనబడుతుందట. 2015లో అలాంటివన్నీ ఒకచోట చేర్చి లెక్క చూస్తే ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి ఉందని తేలింది. కాగితాన్ని కాక కాలిని నమ్మండి అంది ఆవిడ. కాలిలో బలం ఉంది, స్పర్శ ఉంది, కాబట్టి కదలండి, మంచమెక్కకండి. బలం తగ్గుతూ పోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా మాత్రం ఏ బెల్టూ కట్టుకోకుండా అదే గంటలో ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ చివరి మాట బెల్టు డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండాల్సింది. గాలి బొమ్మ ఉన్న చోట వేయొచ్చు.

మా అబ్బాయి ఫార్మసీ చదువుతున్నాడు. వాడు ఫోనులో ఇంకా తవ్వాడు. ఇంగ్లండ్‌లో వైద్యులకి దారి చూపే నైస్ అనే సంస్థ 2016లోనే నడుం నొప్పికి బెల్టులు ఇవ్వొద్దని రాసిందట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలం నడుం నొప్పి మీద ఇచ్చిన సూచనల్లో కూడా వాటిని మామూలు చికిత్సగా వాడొద్దనే ఉంది. వ్యాయామం, కదలిక, నొప్పి గురించి అర్థమయ్యేలా చెప్పడం, ఇవే ముందు. "అయితే 780 నీళ్లలో పోసినట్టేనా?" అన్నాను. "నాన్నా, నీకు తగ్గడానికి కాదు కదా, సైకిల్ తొక్కడానికి వాడుతున్నావు" అన్నాడు. ఈ వ్యాసం మొత్తంలో బెల్టు గురించి ఎవరైనా సరిగ్గా చెప్పిన మాట అదే, అది చెప్పినవాడికి ఇంకా మూడు సబ్జెక్టులు మిగిలున్నాయి.

లేవడం సంగతికొస్తాను. ఫిజియో అమ్మాయి నేర్పింది ఇది: వెల్లకిలా ఉన్నవాడు తిన్నగా లేవకూడదు. ముందు మోకాళ్లు మడవాలి. భుజం, తుంటి కలిపి దుంగలా ఒకేసారి పక్కకి దొర్లాలి. కింద మోచెయ్యి, పై అరచెయ్యి ఆనించి ఒళ్లు పైకి నెట్టుకోవాలి. తల అన్నిటికన్నా ఆఖరున. ఇలా చేస్తే గభాలున లేవడం కుదరదు, నాలుగైదు సెకన్లు పడుతుంది. సేఠ్ ఒప్పుకోడని తెలుసు. అయినా ఆ రాత్రి ఇంకో దారి లేక అలాగే లేచాను.

చీకట్లో, ఎర్ర బల్బు కింద, ఒక తెల్లటి ఆకారం ముందు మోకాళ్లు పైకెత్తింది. పక్కకి తిరిగింది. పెట్టె అంచు మీద ఒక చెయ్యి పడింది. తర్వాత ఒళ్లు వంకరగా, ఆగి ఆగి లేచింది. జుట్టు మొహం మీదే ఉంది. మధ్యలో నొప్పికి నా నోట్లోంచి "హా…" అని ఒక మూలుగు వచ్చింది, అది నేను పెట్టుకున్నది కాదు. గుంపు అరవలేదు. ఒక్క క్షణం అసలు చప్పుడే లేదు. తర్వాత ఎనిమిది మందీ ఒకేసారి వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పరుగెత్తి టికెట్ గుమ్మం దగ్గర తేలారు. లోపలికి రావాల్సిన కొత్త గుంపు గుమ్మంలోనే ఆగిపోయింది. గభాలున లేచేవాణ్ణి చూసి ఎవ్వరూ వెనక్కి పరుగెత్తలేదు, ముందుకే దూకేవారు. సేఠ్ తెర పక్కనుంచి తొంగిచూసి, "అలాగే, అలాగే చెయ్యి" అన్నాడు.

బెల్టు అక్కడ కూడా ఒక సాయం చేసింది. లోపల చీకట్లో కూర్చుని, గుంపు మలుపు తిరగకముందే బయటి పట్టీ వెల్క్రో ఊడదీస్తే పర్ర్ మని ఒక శబ్దం వస్తుంది. చింపుతున్నట్టు, చర్మం ఊడుతున్నట్టు. పెన్‌డ్రైవులో నక్క అరుపుకి అలవాటు పడిన చెవి ఆ చప్పుడికి కంగు తింటుంది. వెల్క్రో ఎన్నిసార్లు ఊడదీస్తే అరుగుతుందో తెలియాలంటే నన్నడగండి. నేను రాత్రికి ఎనభై సార్లు చొప్పున, దాదాపు మూడు వారాలు పరీక్ష చేశాను. అంచు దారం లేచింది, పట్టు మాత్రం తగ్గలేదు. ఈ ఒక్క విషయంలో కంపెనీకి పూర్తి మార్కులు.

ఏ డబ్బా మీదా రాయని ఇంకో ఉపయోగం చెప్పాలి. దెయ్యాల ఉద్యోగంలో తన్నులు మామూలే. భయపడ్డవాడికి చెయ్యి లేస్తుంది, వాడి తప్పు కాదు. ఒక శనివారం రాత్రి స్నేహితుల ముందు ధైర్యం చూపించాలని వచ్చిన కుర్రాడు, నేను అటు తిరిగి మోచేతి మీద లేస్తుంటే వెనకనుంచి పిడికిలితో ఒక్కటిచ్చాడు. సరిగ్గా బెల్టు బద్దల మీద పడింది. వాడు వేళ్లు పట్టుకుని కిందికూర్చుండిపోయాడు. "ఇనుం దెయ్యంరా ఇది" అన్నాడు వాడి నేస్తం. బయట వాడికి చల్లనీళ్ల బాటిల్ పట్టి, చెయ్యి మీద పోసి, చాయ్ ఇప్పించాను. మంచి పిల్లాడు, ఆస్కా రోడ్డు వైపు.

ఆఖరి వారంలో బెల్టు వాడకం ఇలా స్థిరపడింది: ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్లేటప్పుడు, పెట్టె పక్కకి జరిపేటప్పుడు, అర్ధరాత్రి ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కట్టుకునేవాణ్ణి. పెట్టెలో పడుకున్నప్పుడు విప్పి నడుం మీద ఉత్తినే పరుచుకునేవాణ్ణి, చప్పుడు కోసం. పొద్దున లేచి ఫిజియో అమ్మాయి నేర్పినట్టు బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తడం పది సార్లు, తర్వాత వీధి చివరి దాకా నడిచి ఉప్మా, ఘుగుని అనే బఠాణీల కూర తినడం. ఘుగుని వైద్యంలో భాగం కాదు, కానీ అది లేకపోతే నడక సాగేది కాదు. యాత్ర అయ్యేసరికి నొప్పి బొటనవేలి దగ్గర నుంచి మోకాలి పైకి జరిగింది. కిందనుంచి పైకి వెనక్కి తగ్గడం మంచి గుర్తేనట. ఆ మార్కులు బెల్టుకి వేయను.

కొనాలా అని అడిగితే: బరువులెత్తే పని, నిలబడే పని, గతుకుల రోడ్డు మీద ప్రయాణం ఉండి, ఇంట్లో కూర్చోలేని మనుషులు కొనుక్కోవచ్చు. గంటా రెండు గంటలకి మించి నమ్ముకోకండి. గుంట మగ్గం మీద కూర్చునేవాళ్లకి అసలు పనికిరాదు, వంగగానే పొట్టలో పొడుచుకుంటుంది. దాని బదులు నేను గుంటలో పీట ఒకటి ఎత్తుగా వేయించుకున్నాను, వడ్రంగి 250 తీసుకున్నాడు. బెల్టు కన్నా అదే ఎక్కువ పని చేస్తోంది. ఐదు చుక్కల్లో బెల్టుకి మూడు. వెల్క్రోకి వేరేగా ఇవ్వనిస్తే ఐదు, మా ఆవిడని అడిగితే సున్నా.

మొన్న సేఠ్ ఫోను చేశాడు. శీతాకాలం మేళాలకి ఇంకో జిల్లా వెళ్తున్నాడట, నేను అంత దూరం రాలేనన్నాను. సరే, నీ లేవడం ఒకడికి నేర్పించు అన్నాడు. నరికిన తల కుర్రాణ్ణే పంపించాడు. ఇరవై రెండేళ్లు, కర్రలాంటి ఒళ్లు. మా అరుగు మీద చాప వేసి చూపించాను. మోకాళ్లు మడుచు, దొర్లు, మోచెయ్యి ఆనించు, తల ఆఖరున. వాడు ఒక్క ఊపులో లేచి కూర్చుని "ఇంతేనా మావయ్యా" అన్నాడు. మెల్లగా అన్నాను. మెల్లగా లేచాడు, నిద్ర లేచినట్టుంది. ఎక్కడో నొప్పి ఉన్నట్టు లేవరా అన్నాను. మొహం వంకర పెట్టి మూలిగాడు, మా ఆవిడ లోపల్నుంచి నవ్వింది. చివరికి వంటింట్లో మేకు మీంచి బెల్టు తెచ్చి వాడికి బిగించి కట్టాను. అప్పుడూ రాలేదు.